నల్ల చార పడిన ఫోటో

మా పక్కింటి మామ పోయిన బుధవారం చనిపోయాడు. నాచారంలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. పొద్దున ఆయన దగ్గు వినబడకపోతే గోడ మీద కొట్టి ఆట పట్టించేవాణ్ని. ఆయన తిరిగి కొట్టేవాడు. ఆ రోజు మూడుసార్లు కొట్టాను. జవాబు రాలేదు.

మామ రైల్వేలో రిటైరయ్యాడు. అత్తకు కిడ్నీలు చెడిపోయిన ఏడాది డిజిటల్ కెమెరా కొన్నాడు. ఆమె ముఖం వాడిపోకముందే ఒక్క మంచి ఫోటో తీసిపెట్టుకోవాలని ఆయన తపన. మొదటి వారం నుంచే ప్రతి ఫోటోలో ఎడమవైపు నల్ల చార పడేది. గుమ్మం ముందు మేం ముగ్గురం నిలబడితే మామ కూతురు తీసిన ఫోటోలో అది సరిగ్గా అత్త మీద పడింది.

"గీ చార ఎవరి మీద పడితే గాళ్ల నంబర్ వచ్చినట్టే అత్తా," అన్నాను.

నేనేమన్నా నెత్తిన మొట్టే అత్త ఆ రోజు మొట్టలేదు. ఫోటో తీసుకుని మళ్లీ చూసింది.

మామ ఆమెను వదిలి కదల్లేక కెమెరాను నాతో సర్వీస్ సెంటరుకు పంపాడు. కౌంటరు దగ్గరి అమ్మాయితో పరాచికాలాడుతూ, ఆమె చూపిన చోట సంతకం గీకేశాను. రెండు వారాలకు కెమెరా బాగుకాకుండానే తిరిగొచ్చింది. లోపల నీళ్లు పడ్డాయట, వారంటీ చెల్లదట. నీళ్లు పడ్డాయని కస్టమరే ఒప్పుకున్నట్టు ఇంగ్లీషులో రాసిన కాగితం కింద నా సంతకం ఉంది.

మామ తిట్టలేదు. వేలు పెట్టి ఒక్కో లైనూ చదివి అర్థం చెప్పాడు. "సదువు రాకుంటే సదివించుకో. అడిగితే ఇజ్జత్ పోదు, అడగకుండ సంతకం వెడితే పోతది," అన్నాడు.

వినియోగదారుల ఫోరంలో వకీలు లేకుండానే, మామూలు తెల్ల కాగితం మీద ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆయన వల్లే తెలిసింది. బిల్లు, వారంటీ కార్డుతో పాటు చార పడిన ఫోటోలు కూడా జత చేశాడు. కొన్న వారంలోనే లోపం ఉందనడానికి అవే సాక్ష్యం. చదవకుండా సంతకం చేశానని నేను అందరి ముందూ చెప్పాను. నేను మాట్లాడుతుంటే ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

వాయిదా మీద వాయిదా పడింది. అత్త ముఖం ఉబ్బుతూ వచ్చింది. ఫోరం నుంచి రాగానే మామ ముందు ఆమె గదిలోకి తొంగిచూసేవాడు, ఆ తర్వాతే చెప్పులు విడిచేవాడు.

గెలిచాం. కొత్త కెమెరా వచ్చేసరికి అత్త కర్మ అయి నాలుగు రోజులైంది. మామ డబ్బా విప్పలేదు.

"నేను గా సంతకం వెట్టకపోతే అత్త ఫోటో ఉంటుండె గద మామా," అన్నాను.

"ఉంటుండె," అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. తన ఛాయ్‌లో సగం నా గ్లాసులో పోశాడు.

మొన్న మామ ఫోటోకు దండ వేద్దామంటే గుమ్మం ముందు తీసిన ఆ పాతదే దొరికింది. వాళ్లిద్దరూ కలిసి ఉన్నది అదొక్కటే. వెనక ఫోరం ముద్ర ఉంది. మెట్రో స్తంభాలు లేస్తున్న ఉప్పల్ రింగురోడ్డు దాటి స్టూడియోకు తీసుకెళ్లాను. రసీదు మొత్తం చదివించుకున్నాకే సంతకం చేశాను. పక్కనున్న నన్ను కత్తిరించాలా అని స్టూడియో అతను అడిగాడు. ఫోటోలో మామ చెయ్యి నా భుజం మీద ఉంది. నన్ను కత్తిరిస్తే ఆ చెయ్యీ పోతుంది. ఉండనిమ్మన్నాను.

"బతికున్న మనిషి మీద దండ పడుతది బావా," అంది మామ కూతురు. నేను నవ్వేశాను.

ఆ ఫోటోను మామ ఇంటివైపు, మా రెండిళ్ల నడుమ గోడకే తగిలించారు. దండ ముగ్గురి మీదుగా వేలాడుతోంది. ఇవాళ పొద్దున అలవాటు కొద్దీ గోడ మీద కొట్టాను. అవతల ఫ్రేము కదిలి, గోడకు తిరిగి తగిలిన చప్పుడైంది.