ఏడో నంబరు లాంచికి ఆఖరి పూత

మా బావకి రంగు పిచ్చి. సొంతింటి తలుపు పెచ్చులూడిపోతున్నా కన్నెత్తి చూడడు గానీ, ప్రభుత్వం వారి ఏడో నంబరు లాంచి మీద గోరంత గీత పడితే ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. దానికి ఆయన చుక్కాని పట్టే సరంగు, నేను ఇంజను డ్రైవర్ని. ఉద్యోగంలో నాకు పైవాడే అయినా మా అక్క మొగుడు కదా, నోటికొచ్చినట్టు అనేవాణ్ణి. "ఈ ముద్దులో సగం మా అక్కకి చేసినా నీ కాపురం బాగుపడేది బావా" అంటే, "మీ అక్క నీళ్ళ మీద తేలుతుందా ఏంటి?" అనేవాడు.

ఆ లాంచిని మొదట నదిలో లోతులు కొలవడానికి కొన్నారట. అప్పుడు బూడిదరంగు. తర్వాత వైద్యశాఖ తీసుకుని తెల్లరంగు పూసింది, లోపల రెండు మంచాలు వేసి డాక్టరుని కూర్చోబెట్టింది. ఊరూరా రేవులో ఆపి సూదులు వేసేవారు. మా బావ సరంగు అయింది అప్పుడే. కొన్నాళ్ళకి డాక్టరు ఆస్పత్రి భవనంలోకి మారాడు, మంచాలు పీకేసి బల్లలు వేశారు, నీలంరంగు పూసి జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించమన్నారు. శాఖ మారినప్పుడల్లా కొత్త రంగు పడింది తప్ప పాత రంగు ఒక్కసారీ దిగలేదు. ఇనుము కనబడేదాకా గీకి, తర్వాతే పూయాలని రూలుంది. గీకడం ఒళ్ళు హూనమయ్యే పని. పైగా మా బావ ఒప్పుకోడు. "తోలు వలిచి చొక్కా తొడుగుతారట్రా ఎవరైనా?" అనేవాడు. ఏటేటా పూత మీద పూత వేయడమే.

ఆ లాంచి మీద ఆధారపడి బతికినవాళ్ళలో మొదటి మనిషి బావ వాళ్ళక్క, నాకు వదిన. తల్లి పోయాక మా బావని సాకింది ఆవిడే. భర్త పోయాక అవతలి గట్టున చిన్న పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఇవతల ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని. పొద్దున్న మొదటి ట్రిప్పుకి ఆవిడ వచ్చి కూర్చుంటే గానీ మా బావ తాడు విప్పనిచ్చేవాడు కాదు. జనం సణిగేవారు. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఒక ఎండాకాలం లాంచి ఇంకా పనికొస్తుందా లేదా తేల్చడానికి సర్వేయరు వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి. రేకు మీద కొట్టి, ఖంగుమంటే గట్టిదని, దబ్ మంటే తుప్పు పట్టిందని చెబుతాడట. అక్కడక్కడా రంగు గీకించమన్నాడు. మా బావ అంతకు ముందే సొంత చేతులతో కొత్త పూత వేసి ఉన్నాడు. గోళ్ళ సందుల్లో నీలం ఇంకా పోలేదు.

"సార్, గీకద్దు సార్. పూత ఇంకా పచ్చిగానే ఉంది, పాడైపోతుంది. పైనుంచే కొట్టి చూడండి" అని బతిమాలాడు.

నేను వెనకనుంచి చొక్కా లాగాను, గీకనీ బావా అని. ఉరిమి చూశాడు. సర్వేయరు ఎండకి చెమటలు కక్కుతున్నాడు. సరే మీ ఇష్టం అని పైపైనే కొట్టుకుంటూ వెళ్ళాడు. ఎక్కడ కొట్టినా తడిసిన గోడ మీద కొట్టినట్టు దబ్ దబ్ మంది. పూత పెచ్చు లేవలేదని మా బావ మురిసిపోయాడు, వెర్రి మనిషి.

రేకులు పనికిరావని తేల్చారు. లాంచి వేలానికి వెళ్ళింది. రెండు గట్ల జనమూ సర్వేయరుని తిట్టిపోశారు, మా బావ అందరికన్నా గట్టిగా తిట్టాడు.

దాన్ని కోసే రోజు చూడకుండా ఉండలేనని వెళ్ళాడు, తోడు నేనూ వెళ్ళాను. కోసేవాళ్ళు ముందు రంగు చెక్కారు. కింద ఇనుము మిలమిల్లాడింది. ఒకడు సుత్తితో కొడితే ఖంగుమంది, అవతలి గట్టుదాకా వినబడేలా. పాత ఇనుము వ్యాపారి నవ్వాడు. "బంగారం లాంటి రేకు. ఇంత మందపు రంగు మీద కొడితే ఏ ఇనుమైనా తుప్పు పట్టినట్టే పలుకుతుంది" అన్నాడు. ఊడిపడ్డ పెచ్చు అంచున నీలం, తెలుపు, బూడిద వరసగా కనబడుతున్నాయి. మా బావ గట్టు మీద కూలబడి, "చేజేతులా చంపుకున్నాన్రా" అన్నాడు. చెప్పొద్దూ, నాకు కోపమూ జాలీ రెండూ వచ్చాయి.

లాంచి ఆగాక వదిన వంతెన మీదుగా చుట్టూ తిరిగి బస్సులో వచ్చేది. రోజూ ఆలస్యమే. ఆస్పత్రివాళ్ళు మాన్పించేశారు. పెంకుటిల్లు అయినకాడికి అమ్ముకుని, మా వీధి చివర గది తీసుకుని ఇస్త్రీ బండి పెట్టుకుంది. మా బావకి ఆఫీసు గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. మధ్యాహ్నం అన్నం అక్క దగ్గరే. ఆవిడ వడ్డిస్తూ తిట్టేది: "నా తమ్ముడి లాంచి మీద సుత్తి వేసినవాడి చేతులు పడిపోను. వాడికి పుట్టగతులుండవు." మా బావ తలెత్తకుండా ముద్ద మింగేవాడు. ఒంట్లో సగమైపోయాడు. చెప్పెయ్యి బావా అని పోరాను. చెబితే అక్క ఇక తన మొహం చూడదని, ఉన్న ఒక్క అమ్మా పోతుందని అన్నాడు.

మొన్న మేమిద్దరం ఆవిడ బండి దగ్గర ఉండగా కొత్తగా ఓ మూట వచ్చింది. పై వీధిలోకి అద్దెకొచ్చిన లాంచీల సర్వేయరుగారి బట్టలని, తెచ్చిన పనిమనిషి చెప్పి వెళ్ళింది. వదిన మొహం మాడిపోయింది. ఏ సర్వేయరో మాకు వేరే చెప్పక్కర్లేదు. మూట చంకన పెట్టుకుని, వాడి మొహాన కొట్టి వాడి పెళ్ళాంబిడ్డల ముందే కడిగేసి వస్తానని బయల్దేరింది. మా బావ అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగక్కా. ఆయన గీకించమనే అన్నాడు. వద్దన్నది నేను."

"నువ్వా?"

"నేనే. పూత పాడైపోతుందని. రేకు బాగానే ఉంది. నీ పనీ, నీ ఇల్లూ నా వల్లే పోయాయి."

వదిన మూట దింపింది. ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కమురు వాసన వస్తుంటే దాన్ని తీసి పక్కన పెట్టింది.

"నా ఇల్లు సంగతి తర్వాత అడుగుతాను, ఊరికే వదలను" అంది. "కానీ అన్నం పెట్టి మరీ నిన్నే తిట్టాను కదరా రోజూ. ఆ తిట్లన్నీ ఇప్పుడెలా వెనక్కి తీసుకునేది?"

మా బావ ఏదో అనబోయాడు. వదిన వినలేదు, చేతులిలా తెమ్మంది. చాపాడు. ఆవిడ ఒక్కొక్క వేలూ పట్టుకుని వంచి చూసింది.

"అన్నీ కదులుతున్నాయా?"

"కదులుతున్నాయక్కా" అని మా బావ భోరుమన్నాడు.