కెంచార్లహళ్ళి దాకా వచ్చిన రత్నమ్మ

పోయిన ఆదివారం పొద్దున చింతామణిలో చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. శిడ్లఘట్ట దాటాక పక్క సీటులోని పెద్దావిడ కొంగు ముడి విప్పి రెండు లవంగాలు నోట్లో వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా అరచేతులు చెమటపట్టాయి. లవంగం వాసనకు ఎవరూ భయపడరు. నేను భయపడతాను. రత్నమ్మ మనిషికి ఎదురుగా కూర్చుని, ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా చూస్తున్నప్పుడు వచ్చే వాసన అది. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. ఆమె అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన మొదటి జవాబు అబద్ధం. రెండోదీ అబద్ధమే.

రత్నమ్మ ప్రభుత్వ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం మధ్య తిరిగే బస్సుల్లో ఏళ్ళ తరబడి ఊళ్ళ పేర్లు అరిచి అరిచి ఆమె గొంతు గరగరలాడేది. అందుకే ఆ లవంగాలు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ మూడు ఊళ్ళలోనూ మాటల కూటాలు పెట్టించింది. నలుగురిలో నిలబడి మాట్లాడడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున ఒక బడి గదిలో చేరతారు. ఒకరు మాట్లాడతారు, ఒకరు గడియారం చూస్తారు, ఒకరు ఆ మాటల్లోని బాగోగులు చెబుతారు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, ఎవరికేది వస్తే అది. కూటాన్ని నడపడానికి ఏడాదికోసారి అధ్యక్షుణ్ణీ, కార్యదర్శినీ, ఇంకో ముగ్గురినీ ఎన్నుకుంటారు. జీతమేమీ ఉండదు. అయినా పదవి పదవే కదా. పదవి చేపట్టేముందు మూడు ఊళ్ళవాళ్ళూ చిక్కబళ్ళాపురంలో ఒక రోజు శిక్షణకు రావాలన్నది రత్నమ్మ పెట్టిన నియమం. ఆమె దాన్ని కన్నడంలోలాగా తరబేతి అనేది.

నాకు చింతామణిలో కళ్ళద్దాల దుకాణం ఉంది. రోజంతా గిరాకీలతో మాట్లాడే పని కాబట్టి మాటకు తడుముకునేవాణ్ణి కాదు. ముఖ్యంగా నవ్వించడం వచ్చు. నేను లేచి నిలబడితే చాలు, గదిలో సగం మంది ముందే నవ్వడానికి సిద్ధపడేవాళ్ళు. ఆ ఏడు నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. కొత్త చొక్కా వేసుకుని శిక్షణకు వెళ్ళాను. సభ ఎలా నడపాలో, వేదిక మీద ఎలా నిలబడాలో చెబుతారనుకున్నాను. రత్నమ్మ అవేవీ చెప్పలేదు. తలా ఒక కాగితం ఇచ్చింది.

"పోయినేడు మీ కూటానికి వచ్చి, ఇప్పుడు రాని మనిషి పేరు ఒకటి రాయండప్పా. ఎందుకు రావడం లేదో పక్కన రాయండి."

నా చెయ్యి ఆగిపోయింది. రాయాల్సిన పేరు ఏదో నాకు తెలుసు. వేరే పేరు రాద్దామా అనుకున్నాను గానీ, మా ఊరి కార్యదర్శి పక్కనే కూర్చుని నా కాగితంలోకి చూస్తున్నాడు. మంజుల, కెంచార్లహళ్ళి అని రాశాను. కారణం దగ్గర, బస్సు వేళలు కుదరక అని రాశాను.

రత్నమ్మ నా కాగితం చదివి, నా ముందుకొచ్చి కూర్చుంది. "ఆదివారం ఆ ఊరి బస్సు ఎనిమిదిన్నరకు బయల్దేరి తొమ్మిదింబావుకంతా చింతామణిలో ఉంటాది. మీ మీటింగు పదికి. యాడ కుదరలేదప్పా?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. లవంగం నములుతూ నా వైపే చూస్తూ కూర్చుంది. చివరికి ఆమే అంది, "నెలలోపల ఆ యమ్మ ఇంటికి పోయి అడిగి రా. ఆమె చెప్పేది విను. మారుమాట చెప్పద్దు. నీదే సరని వాదించద్దు. ఇదే నీ తరబేతి."

మంజుల ఎందుకు రావడం లేదో నేను అడిగి తెలుసుకోవలసిన పనే లేదు. ఆమె తన ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. కూటానికి వచ్చి మూడోసారి మాట్లాడిన రోజు, బాగోగులు చెప్పే వంతు నాది. భయంతో ఆమె మాటకు మాటకు మధ్య "ఏమంటే" అంటూ ఉండింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. నా వంతు రాగానే లేచి, "నమస్కారం ఏమంటే, నా పేరు ఏమంటే, మంజుల ఏమంటే" అని ఆమె గొంతుతోనే పలికి, మొత్తం నలభై మూడు అన్నాను. గది దద్దరిల్లింది. మంజుల కూడా నవ్వింది. ఆమె నవ్వుతూనే చీర కుచ్చిళ్ళను గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. చూసి కూడా నలభై మూడును ఇంకోసారి అన్నాను. ఆ తర్వాత ఆమె రాలేదు. కొన్నాళ్ళకే నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

ఆ నెల ఎలా గడిచిందో చెబితే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. దుకాణం గుమ్మంలో అంగన్‌వాడీ చీర కట్టుకున్న మనిషి నీడ పడితే, బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించేవాణ్ణి. కెంచార్లహళ్ళి వైపునుంచి ఎవరైనా అద్దాల కోసం వస్తే ఊరి పేరు వినగానే వేరే మాట ఎత్తేవాణ్ణి. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి, బస్సు కదిలేదాకా టీ కొట్టు వెనకాల నిలబడి తిరిగొచ్చాను. ఏమంటుందోనని ఒక భయం. ఏమీ అనకుండా లోపలికి రమ్మంటే ఏం చెయ్యాలోనని ఇంకో భయం. అన్నిటికంటే పెద్దది, ఈ సంగతి బయటపడితే నన్ను చూసి నవ్వేవాళ్ళంతా ఇకమీదట నన్ను ఎలా చూస్తారోనని. నెల నిండే రోజున రత్నమ్మకు ఫోన్ చేసి, "పోయొచ్చినానమ్మా. ఇంటికి తాళమేసి ఉండాది" అని చెప్పాను.

"సరేప్పా" అని పెట్టేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడో రోజు ఆమె నా దుకాణానికి వచ్చింది. దగ్గరి అక్షరాలు కనిపించడం లేదంటూ పరీక్ష కుర్చీలో కూర్చుంది. నేను అద్దం వెనక అద్దం మారుస్తున్నాను. నా వేళ్ళు ఆమె కణతలకు తగులుతున్నాయి. అంత దగ్గరగా ఉన్నప్పుడు, గోడ మీది అక్షరాల వైపే చూస్తూ అంది, "నువ్వు పోలేదు."

నా చేతిలోని అద్దం జారి ఆమె ఒళ్ళో పడింది. ఎలా తెలిసిందని అడిగాను.

"పోయొచ్చినోడు దారి గురించి చెప్తాడు, ఎండ గురించి చెప్తాడు, పక్కింటోళ్ళు ఏమన్నారో చెప్తాడు. నువ్వు తాళం ఒకటే చెప్పినావు."

అరుస్తుందనుకున్నాను. పదవి నుంచి తీసేస్తానంటుందనుకున్నాను. నిజానికి తీసేస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆమె ఒళ్ళోంచి అద్దం తీసి, కొంగుతో తుడిచి, నా చేతికిచ్చి, తన సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాగేపల్లి బస్సులో ఒక కాలేజీ పిల్ల ఎక్కేదట. దిగే చోటు అడిగితే గొణిగేది. ఒకరోజు విసుగొచ్చి, "నోట్లో ఏం పెట్టుకోనుండావు, ఉమ్మేసి చెప్పు" అందట రత్నమ్మ. బస్సంతా నవ్వింది. ఆ పిల్ల మరి ఆ బస్సెక్కలేదు. కాలేజీ మానేసిందని ఎవరో చెప్పారు.

"వాళ్ళిల్లు రోడ్డు పక్కనే. దినామూ ఆ ఇంటి ముందర పోతాంటి. దిగి ఒక మాట చెప్పల్ల అనుకుంటాంటి. రేపు ధైర్యమొస్తాది, ఎల్లుండొస్తాది అనుకుంటానే నాలుగేండ్లు పోయినాయి. కడాకు ఒకరోజు దిగినా. ఇంట్లో వేరేవాళ్ళుండారు. వాళ్ళు యాడికి పోయినారో ఎవరికీ తెలీదు." అప్పుడు నా వైపు తిరిగి, "నాకు ధైర్యం రానేలేదప్పా. భయంతోనే దిగినా. ఆ భయంతోనే మొదటి రోజే దిగుంటే సరిపోయేది" అంది.

మర్నాడు దుకాణం మూసి ఆమెతో బస్సెక్కాను. కెంచార్లహళ్ళిలో దిగాక నీడలో ఒక అరుగు చూసుకుని కూర్చుంది. మీరు రారా అని అడిగాను.

"నేనొస్తే నువ్వు నా మొగం చూసి మాట్లాడతావు. ఆ యమ్మ మొగం చూసి మాట్లాడల్ల నువ్వు. పో."

మంజుల వాళ్ళ వీధి పొడవు వంద అడుగులు కూడా ఉండదు. నా జీవితంలో అంత దూరం నేనెప్పుడూ నడవలేదు. మంజుల పట్టుపురుగుల తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. నన్ను చూడగానే ఆమె చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆమె కళ్ళలో కోపం ఉంటుందనుకుని వచ్చాను. అక్కడ ఉన్నది భయం. నన్ను చూసి ఒక మనిషి భయపడుతోంది.

"తప్పు చేసినా మంజులమ్మా" అన్నాను. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

ఆమె ఆకు పరుస్తూనే, తలెత్తకుండా చెప్పింది. "మా అంగన్‌వాడీ కప్పు కారతాది సార్. వానొస్తే పిల్లోళ్ళను ఇండ్లకు పంపించల్ల. తాలూకా మీటింగులో అది అడగల్లనే నేను మాట్లాడేది నేర్చుకోను వచ్చింది. మీరు నవ్వించిన మర్సటి వారమే ఆ మీటింగు. లేసి నిలబడినా. ఒక మాట అన్యాక, ఒకటి అని వినపడె. రెండు అని వినపడె. మీ గొంతే సార్. కూచుండిపోయినా. ఈ వానాకాలం గూడా పిల్లోళ్ళు ఇండ్లకే పోతాండారు."

మారుమాట చెప్పవద్దని రత్నమ్మ అంది. మీరు మళ్ళీ రావాలి అని కూడా అడగలేకపోయాను. నిలబడ్డాను. ఆమె ఇంకో తట్ట దించుకుంది. కాసేపటికి, "నేను రాను సార్. మీరు పోండి, బస్సొస్తాది" అంది.

అరుగు దగ్గర రత్నమ్మ నా ముఖం చూసి జరిగి చోటిచ్చింది. "రానంటోందమ్మా" అన్నాను. "ఆమె ఇష్టమప్పా అది" అంది అంతే. తిరుగు బస్సులో నేను ఏడ్చాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాతి ఆదివారం కూటంలో నేను చేసిన పని నా నోటితోనే చెప్పాను. రెండు చేతులతో బల్ల పట్టుకుని చెప్పాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఇకమీదట తప్పులు నలుగురిలో లెక్కపెట్టకూడదని, చిన్న కాగితం మీద రాసి ఆ మనిషి చేతికే ఇవ్వాలని తీర్మానించుకున్నాం. ఇద్దరు ముగ్గురు సభ్యులకు ఇదంతా అతిగా తోచి రావడం మానేశారు. వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను.

అయిదారు నెలల తర్వాత మంజుల ఫోన్ చేసింది. "గురువారం తాలూకా మీటింగు ఉండాది సార్. మీరొచ్చి నాకు కనపడేతట్ల కూచోండి. నేను మాట్లాడేటప్పుడు మీ పెదాలు కదలకుండా ఉండల్ల. అది చూస్తే నాకు ధైర్యం." వెళ్ళాను. ముందు వరసలో పెదాలు బిగించుకుని కూర్చున్నాను. ఆమె మధ్యలో రెండుసార్లు ఆగింది. నా వైపు చూసింది. మళ్ళీ అందుకుంది. కప్పు వేయడానికి ఇంకో ఏడాది పట్టింది గానీ, వేశారు. ఆమె మా కూటానికి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ శిక్షణ నేను నడుపుతున్నాను. కొత్తగా పదవి చేపట్టేవాళ్ళకు కాగితాలు ఇచ్చేముందు మంజులకు నేను చేసింది చెబుతాను. చెప్పమని అనుమతి ఇచ్చింది ఆమే. ఎన్నిసార్లు చెప్పినా భయం తగ్గలేదు, తగ్గేదాకా ఆగడమూ మానేశాను. నవ్వించే నేర్పు మాత్రం నన్ను వదలలేదు. ఎవరైనా తడబడితే ఇప్పటికీ ఒక చమత్కారం నా నాలుక చివరిదాకా వస్తుంది. అది వచ్చిన ప్రతిసారీ, ఎదుట నిలబడ్డ ఆ మనిషి ఇంటికి వెళ్ళే వీధి నా కళ్ళ ముందు కనిపిస్తుంది. అందులో ఒంటరిగా నడవాల్సి వస్తుందేమోనని నోరు మూసుకుంటాను.