పాడుబావి ముందు ‘థమ్’ అన్నది ఎవరు?

దయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇన్నేళ్లూ ఈ సంగతి ఒక్కడికి తప్ప ఎవరికీ చెప్పకపోవడానికి అదొక కారణం. రెండో కారణం సిగ్గు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. గిద్దలూరు అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. కాలేజీ ఎన్.సి.సి.లో మూడేళ్లు పరేడ్ చేసి ఆరితేరిన వాళ్లకు మాత్రమే ఆ ఏడాది సగిలేరు ఒడ్డున క్యాంపు పెట్టారు. దళాన్ని నడిపించడం ఎలాగో అక్కడ నేర్పేవాళ్లు. రోజుకొకరు నాయకుడు. చివర్లో ఒక్కణ్ని ఎంచి ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కు పంపుతారు.

ఆ ఒక్కడూ యోహానేనని మూడో రోజుకే అందరికీ తెలిసిపోయింది. కొమరోలు పక్క పల్లెవాడు. తల్లి కూలికి పోయేది. నాకు మా నాయన కొత్త బూట్లు కొనిచ్చాడు. వాడివి ఎవరో తొడిగి వదిలేసినవి, మడమలు ఒరుసుకుపోయేవి. అయినా వాడు నోరు తెరిచి ఆజ్ఞ ఇస్తే దళమంతా ఒక్క మనిషిలా కదిలేది. నేను అరిస్తే వెనక వరసలో ఎవడో ఒకడు నవ్వేవాడు. అన్నాల దగ్గర అందరూ వాడి చుట్టూ చేరితే నాకు ముద్ద దిగేది కాదు.

ఆరో రోజు యోహానుకు గొంతు వాచి జ్వరం వచ్చింది. మాట పూర్తిగా పోయింది. నాకు సంతోషమే కలిగింది, దాచను.

మర్నాడు వంతు నాది. మ్యాపు చూసుకుంటూ పన్నెండు మందిని నల్లమల అంచుదాకా తీసుకుపోయి రావాలి. పొద్దున పదిగంటల వేళ దారి తప్పాను. ఆ మాట ఒప్పుకుంటే యోహానుతో పోలుస్తారని ముళ్లపొదల్లోంచి అడ్డంగా నడిపించాను. ముందు నేనే ఉన్నాను. విజిల్ పళ్ల మధ్య బిగించి ఉంది.

“థమ్!”

ఆగమని ఆజ్ఞ. పక్కనే, చెవి దగ్గర వినిపించింది. అందరం ఒక్కసారిగా నిలబడిపోయాం.

నా కాలి ముందు తీగలు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. కర్రతో పొడిస్తే కర్ర దిగిపోయింది. గట్టు లేని పాడుబావి.

“యోహాను గొంతు గదరా అది?” అన్నాడు నా వెనకున్న కాశయ్య.

“ఆయప్ప క్యాంపులో పండుకోనుండాడు. ఈడికెట్లొస్తాడు?” అన్నాడు ఇంకొకడు.

చుట్టూ వెతికాం. ఎవరూ లేరు. క్యాంపు అక్కడికి మూడు మైళ్లు.

తిరిగొచ్చి నేరుగా ఆసుపత్రి గుడారానికి వెళ్లాను. యోహాను నిద్రపోతున్నాడు. కాంపౌండరును అడిగాను.

“పొద్దున్నుంచి నేను ఈడ్నే ఉండా నాయనా. మందు తాగి పండుకున్నోడు ఇంగా లెయ్యలా. గుక్కెడు గంజే దిగడంల్యా, ఇంగ అరిచేదేంది?” అన్నాడు.

సాయంత్రం బావి సంగతి తెలిసి ఆఫీసరు అందర్నీ నిలబెట్టి అడిగాడు. “బావికాడ దళాన్ని ఆపింది ఎవరు?”

కాశయ్య నా వైపు చూశాడు.

“నేనే సార్,” అన్నాను.

కాశయ్య తల దించుకున్నాడు. ఢిల్లీకి నేనే వెళ్లాను.

చాలా ఏళ్ల తర్వాత గిద్దలూరు బస్టాండులో యోహాను కనిపించాడు. పల్లెలో బడిపంతులు. ఆపుకోలేక అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

“నాకేం తెల్దు రంగన్నా. ఆ పొద్దు కల గూడా రాలేదు. నువ్వు బతికినావు, సాల్లే,” అని నా సంచి అందుకుని బస్సెక్కించాడు.

కిటికీలోంచి వాణ్ని చూస్తుంటే ఆ వయసులోనూ కడుపు మండింది. ఢిల్లీ పోయినవాణ్ని నేను, హాయిగా నవ్వుతున్నవాడు వాడు.

ఆ అరుపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుచిక్కలేదు. వాడిది కాదని వాడే అన్నాడు. నాది కాదని నాకు తెలుసు. అయినా తలుచుకున్నప్పుడల్లా అది వాడి గొంతే అనిపిస్తుంది, ఆ గొంతు నాకెందుకు లేదా అని మళ్లీ అసూయ పుడుతుంది.