పూవు బోల్టు

నేను పుట్టుకతోనే భయస్తురాలిని. మా అన్న తలుపు చాటున నిలబడి కాస్త గట్టిగా దగ్గితే చాలు, నా చేతిలో చెంబు కింద పడేది. ఇంట్లో అందరికీ అదొక ఆట. "దీనికి బిడ్డ పుడితే ఆ బిడ్డను చూసి కూడా భయపడుతుంది" అని అన్న ఎగతాళి చేసేవాడు. వాడు నవ్వులాటకు అన్నా మాట నిజమే అయింది. పాప పుట్టినప్పటి నుంచి ఊపిరి ఆడుతున్నదా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడమే నా పని.

ఎనభైల మొదట్లో సంగతి. మా అత్తవారిది కృష్ణగిరి, అక్కడ వాళ్ళకు బట్టల కొట్టు. పుట్టిల్లు ఉద్దనపల్లి దగ్గర, రాయకోట రోడ్డు నుంచి మట్టిదారిలో లోపలికి పోవాలి. కాన్పు హోసూరు ఆసుపత్రిలో అయింది. అక్కడి నుంచి నన్నూ పాపనూ మా ఆయన తన కారులోనే పుట్టింటికి తెచ్చి దింపినాడు.

ఆ కారు గురించి చెప్పాలి. హోసూరులో కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి విదేశం నుంచి ఒక దొర వచ్చినాడు. పని ముగించుకుని పోతూ తన కారును మా ఆయనకు అమ్మినాడు. అంతవరకు స్కూటరు మీద తిరిగిన మనిషికి ఒక్కసారిగా కాళ్ళు నేల మీద ఆనడం మానేసినాయి. కారు కంటే దాని చక్రాలంటే ఆయనకు ఎక్కువ మురిపెం. అందరి కార్ల చక్రాల మాదిరి నల్లటి ఇనుపవి కావు. అలాయ్ వీల్స్ అంటారట, తోమిన వెండి పళ్ళేల్లా మెరిసేవి. పొద్దున లేస్తే వాటిని గుడ్డతో తుడిచేవాడు. నన్ను అంత శ్రద్ధగా ఎప్పుడైనా చూసినాడా అని నాకు లోలోపల ఉక్రోషంగా కూడా ఉండేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మా అమ్మ బాలింత గదిని సిద్ధం చేసింది. కిటికీకి పాత చీర కట్టింది, కుంపట్లో సాంబ్రాణి వేసింది, నా చెవుల్లో దూది కుక్కింది. బిడ్డ తలాపున ఇనుము ఉండాలి, లేకపోతే గాలీ ధూళీ సోకుతాయని మా వైపు నమ్మకం. అమ్మ కొడవలి తెచ్చి తలగడ కింద పెట్టబోయింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. "ఆ అంచు నా కంట పడితే నాకు నిద్ర పట్టదు, పదును లేనిదేదైనా పెట్టమ్మా" అని బతిమాలుకున్నాను. అమ్మ గొణుక్కుంటూ బయటికి పోయింది. కారు డిక్కీలో నుంచి మూటలు దించుతూ ఉన్నారు. కాసేపటికి బొటనవేలంత ఇనుప ముక్కను తెచ్చి పాప తలగడ కింద దూర్చింది. "డిక్కీలో మూలన ఒక తోలు సంచిలో దొరికిందే, మంచి బరువుగా ఉంది" అన్నది. అల్లుడిని అడగలేదు. మా అమ్మ అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడి ఎరగదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే తలుపు పక్క నుంచి నాతోనో అన్నతోనో చెప్పేది.

పురుడు ఇంకా కడగలేదు. ఒక పొద్దున మా ఆయన పాపను చూడడానికి కృష్ణగిరి నుంచి వచ్చినాడు. మట్టిదారిలో ఏదో మొల దిగి ఎడమ పక్క ముందు చక్రం మా ఇంటి ముందుకు వచ్చేసరికి నేలకు అతుక్కుపోయింది. డిక్కీలో ఇంకో చక్రం ఉంది కదా, భోంచేసినాక మార్చుకుందాంలే అని తీరిగ్గా కూర్చున్నాడు.

పాప ఆ పొద్దున నుంచీ పాలు పట్టలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. నేను అమ్మతో చెబితే, "నీకు అంతా భయమే, బిడ్డలన్నాక ఒక పూట తాగుతారు, ఒక పూట తాగరు" అన్నది. ఇన్నేళ్ళు ఉత్తుత్తి భయాలు పడినందుకు నా అసలు భయానికి విలువ లేకుండా పోయింది. వాళ్ళు భోజనాలకు కూర్చున్నప్పుడు పాప కళ్ళు పైకి తేలేసింది. చిన్న చిన్న పిడికిళ్ళు బిగుసుకుపోయినాయి, పెదవులు నల్లబడినాయి. నేను కేక పెట్టానని తర్వాత అందరూ చెప్పినారు, నాకు మాత్రం నోరు తెరిచిన గుర్తు కూడా లేదు.

మూర్ఛ కాసేపటికి వదిలింది. పాప వడలిపోయిన ఆకులా నా ఒడిలో పడి ఉంది. పొద్దుటి బస్సు పోయింది, మళ్ళీ బస్సు సాయంత్రమే. హోసూరుకు పోవాలంటే ఈ కారే గతి. మా ఆయన ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికి పరుగెత్తినాడు.

నేను గది దాటకూడదు. కిటికీకి కట్టిన చీర అవతలే కారు. చెవుల్లో దూది పీకి పారేసి వింటూ కూర్చున్నాను. అన్న చింతపండు లోడులతో లారీల్లో తిరిగిన మనిషి. లారీలకు ఎడమ పక్క చక్రాల మరలు తిరగేసి ఉంటాయి. ఆ లెక్కనే అన్న బలమంతా పెట్టి ఈ బోల్టులను తిప్పినాడు. "బావా, బిగిస్తా ఉండావు" అని మా ఆయన అరిచినాడు. మళ్ళీ వెనక్కి తిప్పడానికి ఇద్దరూ పానా మీద ఎక్కి తొక్కవలసి వచ్చింది. ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడు వినిపిస్తుంటే నేను పాప వీపు నిమురుతూ, అయిపోయింది తల్లీ, పోతున్నాము, అని చెబుతూ ఉన్నాను.

చప్పుడు ఆగిపోయింది.

"ఇదేమి బావా, దీనికి పట్టే లేదే" అన్నాడు అన్న. అన్ని బోల్టులకూ ఆరు పలకల తల ఉంటే, ఒక్కదానికి మాత్రం గుండ్రటి తల, దాని మీద పూవు మాదిరి వంకీల గాడి. ఏ పానా వేసినా జారిపోతున్నది. ఎన్నోసార్లు ఆ చక్రాలను తుడిచిన మా ఆయన అది అందానికి పెట్టిన పూవనుకున్నాడట.

అన్న సైకిలు మీద ఉద్దనపల్లికి పోయి ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీని తీసుకొచ్చినాడు. వాళ్ళు వచ్చేలోపల పాపకు ఇంకోసారి మూర్ఛ వచ్చింది. ఈసారి వదలడానికి ఎక్కువసేపు పట్టింది. బిడ్డ జారిపోతుందేమోనని చీర చెంగుతో నా ఒంటికి కట్టుకున్నాను.

మేస్త్రీ గోతంలో నుంచి పానాలన్నీ కింద పోసిన చప్పుడైంది. ఒక్కోటీ పెట్టి చూసినాడు. తర్వాత ఉలి పెట్టి సుత్తితో కొట్టినాడు. ఒక్కొక్క దెబ్బకు పాప ఉలికిపడేది. కాసేపటికి ఆయనే ఆపేసినాడు. "ఇనుప చక్రమైతే వంగుతుందప్పా, ఇది పగిలిపోతుంది. దొంగలు తీయకుండా పెట్టిన బీగం మాదిరి బోల్టు ఇది. దీని బీగం చెయ్యి ఉండాల, యాడ పెట్టినారు?"

మా వైపు బీగమంటే తాళం, బీగం చెయ్యంటే తాళంచెవి. ఆ మాట వినగానే గుమ్మం దగ్గరున్న అమ్మ తన మొలలో దోపుకున్న తాళాల గుత్తి తీసి, "ఇదిగోప్పా, ఇయ్యి" అని అన్న చేతిలో పెట్టింది. బీరువావి, ధాన్యం గదివి, పెట్టెవి, అన్నీ అందులోనే. అన్న ఆ గుత్తిని చూసి ఏడవాలో నవ్వాలో తెలియనట్టు నిలబడ్డాడు. "ఇవి కాదమ్మా, అదొక రకం పానా. కారంతా వెతికినాము, లేదు. లోపల పానా ఏమైనా ఉండాదా, చూసినావా?" అన్నాడు.

అమ్మ గదంతా చూసింది. పెట్టె వెనక, మంచం కింద, గూట్లో చెయ్యి పెట్టి వెతికింది. "ఈడ పానా ఏమీ లేదప్పా" అన్నది. ఆమె అబద్ధమాడలేదు. పానా అంటే పొడుగాటి కాడ, చివర నోరు. నేనూ ఆ మాటే నమ్మినాను. చెయ్యి చాస్తే అందే దూరంలో తలగడ ఉంది, నేను దాని పక్కనే కూర్చుని, ఆ పానా ఎక్కడుందో చూపించమని దేవుళ్ళందరినీ వేడుకున్నాను.

చివరికి మా ఆయన గుమ్మం బయట నిలబడి, "రోడ్డు దాకా నడిచి పోదాం, ఏ లారీ వస్తే ఆ లారీకి అడ్డం పడదాం" అన్నాడు. గొంతు ఆయనది కాదు. ఆ గొంతు విన్నాక నాకు తెలిసింది, ఈ భయం నాది ఒక్కదానిదే కాదని. నాకు ధైర్యం రాలేదు సరికదా, ఇక భయం లేని మనిషి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదని ఇంకా బెదిరిపోయినాను.

పురుడని ఎవరూ అడ్డుపడలేదు. నేను లేచినాను. అమ్మ పాపను దుప్పట్లో చుట్టి, తలగడ కింద ఇనుమును తీసి ఆ దుప్పటి కొసలో ముడి వేసింది. "ఇనుం లేకుండా బిడ్డను గడప దాటించకూడదు" అన్నది. ఆ తొందరలో ముడి సరిగా పడలేదు. మెట్టు దిగుతూ తూలినాను. మా ఆయన వచ్చి పాపను అందుకున్నాడు. ఆ మార్పిడిలో దుప్పటి కొస విడిపోయి ఇనుప ముక్క రాతి మెట్టు మీద ఖంగుమని పడి, దొర్లి, మేస్త్రీ కాళ్ళ దగ్గర ఆగింది.

ఆయన దాన్ని తీసి ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు. ఒక పక్క ఆరు పలకలు. ఇంకో పక్క పూవు. నేరుగా కారు దగ్గరికి పోయి బోల్టు మీద పెట్టినాడు. అది పట్టుకుంది. పానా వేసి నొక్కితే కిర్రుమని తిరిగింది.

తర్వాత దారి నాకు సరిగా గుర్తులేదు. వెనక సీట్లో అమ్మ నన్ను పట్టుకుని ఉంది, నేను పాపను పట్టుకుని ఉన్నాను. హోసూరులో పాపను లోపలికి తీసుకుపోయి, మమ్మల్ని బయట ఉండమన్నారు.

నేను బెంచీ మీద పడుకున్నాను. అమ్మ గోడకు చేరగిలి నేల మీద కూర్చుంది. మా ఆయన కారు నిలిపి వచ్చి, కొంచెం దూరంలో ఆగి, ఆ తర్వాత ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు. అమ్మ తల వంచుకునే ఆయనతో మాట్లాడింది.

"పానా అంటే అదని నాకు తెలియదప్పా."

"నాకూ తెలియదత్తా" అన్నాడు ఆయన. జేబులో నుంచి ఆ ముక్కను తీసినాడు. "ఇది లోపల పాప దగ్గర పెట్టనిస్తారేమో అడుగుదామా?"

అమ్మ దాన్ని తీసుకుని రెండు చేతుల మధ్య మూసి పెట్టుకుంది. అడగడానికి ఇద్దరిలో ఎవరికీ లేచే ధైర్యం రాలేదు. చాలాసేపటికి తలుపు అవతల నుంచి పాప ఏడుపు వినిపించింది, సన్నగా, కోపంగా, ఆకలిగా.