ఊఁ కొట్టిన క్రిస్మస్ చెట్టు

మా మావయ్య నాతో మాట్లాడారు బావా! అవును, నాతోనే. మొహంలో మొహం పెట్టి, నాలుగే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు రాబట్టడానికి నేనెంతమంది గుండెలు ఆపినంత పని చేశానో చెప్తాను. ముందు టీ పట్టుకుని కూర్చోండి. నవ్వారంటే మాత్రం మధ్యలో లేచిపోతాను.

మన కొత్త కుర్రాళ్ళకి తెలీదు గదా, మొదట్నుంచీ చెప్తా. మా ఆవిడ రూతు వాళ్ళది అవనిగడ్డ దాటాక హంసలదీవి వెళ్ళే దారిలో ఓ పల్లె. వాళ్ళ నాన్న దేవదానం గారు రిటైరైన హెడ్మాస్టరు. అక్కడి చర్చికి పెద్ద. మేమేమో మాకు మేమే పెళ్ళి చేసేసుకున్నాం. అత్తయ్య ఆర్నెల్లకి కరిగింది. మావయ్య మూడేళ్ళయినా కరగలా! అలాగని తిట్టరు. ఇంటికెళ్తే కుర్చీ వేయిస్తారు, భోజనం పెట్టిస్తారు. మాట మాత్రం నేరుగా రాదు. నేను ఎదురుగానే కూర్చుని ఉంటాను, "రూతమ్మా, అతనికి ఇంకాస్త పులుసు వెయ్యి" అంటారు. "అతన్ని ఆ లైటు తియ్యమను" అంటారు. స్విచ్ నా భుజం పక్కనే ఉంటుంది! రూతు వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, లైటు తియ్యండి" అని చెప్పి వెళ్ళాలి. మూడేళ్ళు బావా! ఒక్కసారి "ఏమయ్యా" అన్నా చాలు అనుకుంటూ బతికాను.

అదీ నా పరిస్థితి. వాళ్ళ చర్చిలో ఏటా సరుగుడు కొమ్మ కొట్టుకొచ్చి క్రిస్మస్ చెట్టని నిలబెడతారు. వారం తిరక్కుండానే ఎండి రాలుతుంది. ఈసారి ప్లాస్టిక్ చెట్టు పెడదామని అనుకుంటుంటే రూతు ఫోన్లో, "ఎందుకు నాన్నా కొనడం, మా ఆయన చేస్తాడు" అనేసింది. "చెయ్యగలడేమో అడుగు" అన్నారు మావయ్య. స్పీకర్లోనే ఉంది, నేనూ విన్నాను. అంతే, పూనకం వచ్చేసింది నాకు.

బందరు రోల్డ్ గోల్డ్ పనివాణ్ణి, తీగ పని నాకు ఒకరు చెప్పాలా? గుడివాడ పాతసామాన్ల కొట్లో ఇనప గొట్టం కొని, ఒకదాంట్లో ఒకటి దిగేలా మూడు ముక్కలు చేయించా. మొత్తం నిలబెడితే పన్నెండడుగులు. బుట్ట జుంకీ ఎలా పైన సన్నంగా, కింద వెడల్పుగా దిగుతుందో, అచ్చం అలాగే వరస వరసకీ కొమ్మల పొడుగు లెక్కేశా. ఆకులకి ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకు సన్నగా చీల్చి, రెండు తీగల మధ్య పెట్టి, తీగల కొస డ్రిల్లు మిషన్లో బిగించి తిప్పా. గిర్రున తిరిగి, సీసాలు కడిగే బ్రష్షులా గుబురుగా వచ్చింది కొమ్మ! ఆ వారమంతా ఒక్క జడబిళ్ళ ముట్టుకుంటే ఒట్టు.

ఇదిగో, ఇక్కడే నా పని నా కొంప ముంచింది. మనం గుల్లగా ఉండే ఏ వస్తువుకైనా కనబడని చోట ఓ చిల్లు పెడతాం కదా. లేకపోతే బంగారు పూత తొట్టిలో ముంచినప్పుడు ద్రావకం లోపలే నిలిచిపోయి, పది రోజుల్లో నల్లబడుతుంది. పదిహేనేళ్ళ అలవాటు. గొట్టం చేతికి రాగానే చెయ్యి దానంతటదే వెళ్ళి, మధ్య ముక్కకి పైన జాయింటు కిందుగా ఓ చిల్లు పొడిచేసింది. పన్నెండడుగుల చెట్టుని ఏ తొట్టిలో ముంచుతానని? బుర్ర ఉంటేగా! పెట్టానన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు.

మొన్న గురువారం ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళా. ఆరింటికి ప్రార్థన, చెట్టుకి లైట్లు వెయ్యడం. ఆ చర్చి ఊరి చివర. దాని తర్వాత పొలం, పొలం తర్వాత మడ అడవి, ఆ పైన సముద్రం. సముద్రం వైపు రెండు పెద్ద కిటికీలు. ఉప్పుగాలికి తలుపులు తినేసి కమ్ములే మిగిలాయి. సరిగ్గా ఆ రెండు కిటికీల మధ్య చెట్టు నిలబెట్టమని మావయ్య చెప్పారు. అంటే రూతుకి చెప్పారు.

నాలుగున్నర అయ్యుంటుంది. అందరూ ఇళ్ళకెళ్ళారు. నేనొక్కణ్ణే మిగిలా. పై వరస కొమ్మలు తగిలించి, కుర్చీ దిగి, ఎలా వచ్చిందా అని నాలుగడుగులు వెనక్కేశా.

"ఊఁ..." అన్నారెవరో.

చుట్టూ చూశా. ఎవరూ లేరు. బల్లల కింద చూశా. బయటికెళ్ళి గోడ వెనక చూశా. ఎండలో ఓ మేక నిలబడి నన్నే చూస్తోంది. దాని పనేమో అనుకుని లోపలికొచ్చా. మళ్ళీ "ఊఁ...". ఈసారి తెలిసింది బావా, చెట్టులోంచి. మనిషి గొంతే! నోరు మూసుకుని లోపల్లోపలే ఏడ్చే ఆడమనిషి గొంతు. దగ్గరికెళ్తే ఆగిపోయింది. వెనక్కొస్తే మొదలైంది. కుర్చీ ఎక్కి చెవి పెడితే ఏమీ లేదు. దిగి వీపు తిప్పానో లేదో, "ఊఁ..." అని నా మెడ వెనకే. ఇప్పుడు చెప్తుంటే కూడా చూడండి, రోమాలు లేచాయి.

బయటికి పరిగెత్తి గుడివాడ కొట్టాయనకి ఫోన్ కొట్టా.

"బాబాయ్, నాకిచ్చిన గొట్టం ఎక్కడిది?"

"ఏం, తుప్పు పట్టిందా?"

"లేదు లేదు, ఊరికే అడిగా."

"ఓ పెద్దాయన అమ్మాడయ్యా. పాపం మర్నాడే పోయాడు. మంచి మనిషి. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుండేవాడు."

పెట్టేశా. ఎందుకు చేశానురా ఫోను అని నన్ను నేనే తిట్టుకున్నా.

పోనీ ఎవరికైనా చెప్దామా? ఎవరికి? మావయ్యకా? మూడేళ్ళకి ఒక్క అవకాశం వస్తే, "అండీ, నేను చేసిన చెట్టు ఏడుస్తోందండీ" అని రూతు చేత చెప్పించనా? నోరు మూసుకున్నా. అంతలో సంపూర్ణమ్మ గారు వచ్చారు. చర్చి ఊడ్చి, దీపాలు చూసే పెద్దావిడ. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరయ్యా, ఏడుస్తున్నారు?"

"గాలండీ" అన్నా.

ఆవిడ చీపురు కింద పెట్టి, వచ్చి చెట్టు ముందు చతికిలబడ్డారు. చాలాసేపు అలా వింటూనే కూర్చున్నారు. తర్వాత రూతు చెప్పింది నాకు. డెబ్బయ్యేడు ఉప్పెనప్పుడు ఆవిడా, చెల్లెలు కరుణా చేతులు పట్టుకుని ఈ చర్చి వైపే పరిగెత్తుకొచ్చారట. ఈ గోడ దగ్గరే చెయ్యి జారిపోయిందట. పిల్ల మళ్ళీ దొరకలేదు. ఆ సంగతి నాకప్పుడు తెలిసుంటే అక్కణ్ణుంచి అటే బందరు బస్సెక్కేసేవాణ్ణి.

ఆరయింది. చర్చి నిండింది. చీకటి పడుతుంటే గాలి ఇంకా పెరిగింది. చెట్టుకి లైట్లు వేశారు. "అబ్బ!" అన్నారందరూ. మావయ్య చెట్టుని కింద నుంచి పైదాకా చూసి, నా వైపు చూడబోయి, ఆగి, రూతు వైపు చూసి తలాడించారు. అది చాలు, నా ఛాతీ పొంగిపోయింది. ఆయన వెళ్ళి మైకు ముందు నిలబడ్డారు. మైకు చెట్టు పక్కనే. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకుని, కనబడిన దేవుడికల్లా మొక్కా.

"ప్రభువా, ఈ సాయంకాలం మమ్మల్ని నీ సన్నిధిలో చేర్చినందుకు స్తోత్రం."

"ఊఁ..."

మైకులోంచి వెళ్ళి, చర్చి మీద హార్న్ స్పీకర్లోంచి ఊరంతా వినిపించింది. మావయ్య గొంతు తడబడింది. అయినా హెడ్మాస్టరు కదా, తగ్గుతారా?

"మా పిల్లల చదువుల్ని దీవించుము."

"ఊఁ..."

"మా చేలల్లో పంట నిలుపుము."

"ఊఁ..." అంటూ కొంచెం సాగదీసింది కూడా.

నేను ఒక కన్ను తెరిచి చూశా. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఒక్కరు కదలట్లేదు.

"సముద్రం మీదికెళ్ళిన మా బిడ్డలను క్షేమంగా తీరానికి చేర్చుము."

ఏమీ లేదు. నిశ్శబ్దం. చెట్టు పలకలా!

ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అంతకుముందు చప్పుడే నయం. వెనక వరసలో ఓ పడుచుపిల్ల లేచి నిలబడింది. వాళ్ళాయన పొద్దున్నే చేపల వేటకెళ్ళాడట. "దానికెందుకు అన్లేదు? అయ్యగారూ, దానికెందుకు అన్లేదు?" అని ఒకటే ఏడుపు. మావయ్య మళ్ళీ అన్నారు, ఇంకా గట్టిగా, "క్షేమంగా తీరానికి చేర్చుము ప్రభువా!" అప్పుడు గాలి వచ్చింది. "ఊఁ..." అని ఇంత పొడుగు. చర్చి మొత్తం ఒకేసారి ఊపిరి వదిలింది. నేనూ వదిలా.

అప్పుడు సంపూర్ణమ్మ గారు లేచారు. తిన్నగా చెట్టు దగ్గరికెళ్ళి, ఓ కొమ్మ కొస రెండు చేతులతో పట్టుకుని, "కరుణా, నువ్వేనా అమ్మా?" అన్నారు.

"ఊఁ..."

నాకు ఏడుపొచ్చేసింది బావా. అబద్ధం చెప్పను. ఆవిడ తల ఎత్తి పైకి చూస్తోంది. నేనూ అటే చూశా. మధ్యలో జాయింటు కింద, చెట్టుకి చుట్టిన వెండి జలతారు పోగొకటి గొట్టం దగ్గర టపటపా కొట్టుకుంటోంది. గాలి వచ్చినప్పుడల్లా అది కొట్టుకుంటుంది, చెట్టు మూలుగుతుంది. అక్కడెందుకు కొట్టుకుంటోంది? అక్కడేముంది?

చిల్లు. నా చిల్లు!

చెప్పకపోతే ఏమవుతుంది? నా చెట్టు మహిమ గల చెట్టవుతుంది. మావయ్య నన్ను నెత్తిన పెట్టుకుంటారు. చెప్తే ఇంతమందిలో ఆయన తలవంపులు, నా మూడేళ్ళూ గోదాట్లో. కానీ ఆ పెద్దావిడ ఆ కొమ్మ వదలట్లేదు. ఆ పిల్ల ఇంకా వెక్కుతూనే ఉంది. ఉండబట్టలేకపోయా.

"అదేం కాదండీ! అది నేను పెట్టిన చిల్లండీ!" అని అరిచా. మైకు ముందే అరిచానేమో, ఊరంతటికీ తెలిసింది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కి, చెయ్యి పైకి చాపి, చూపుడు వేలు అందులో పెట్టా. ఆగిపోయింది. తీశా. "ఊఁ..." అంది. పెట్టా. ఆగింది. "పూత పనివాణ్ణండీ, అలవాటులో పొడిచేశా. గాలి దూరుతోందండీ, అంతే. క్షమించండి."

కుర్చీ మీద, చెయ్యి పైకెత్తి, చెట్టులో వేలు పెట్టుకుని నిలబడ్డా. మావయ్య నడిచి నా దగ్గరికొచ్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మూడేళ్ళలో మొదటిసారి, సూటిగా నా కళ్ళలోకి చూసి అన్నారు:

"ప్రార్థన అయ్యేదాకా వేలు తియ్యకు."

ఇవీ బావా ఆ నాలుగు మాటలు! వాటి కోసమేనా మూడేళ్ళు తపస్సు చేసింది!

అనేసి మైకు దగ్గరికెళ్ళారు. ఇక ఆ రోజు ప్రార్థన చూడాలి! ఇంటింటి పేరూ, పిల్లల పేర్లూ, గేదెలకి జబ్బు చేసిన వాళ్ళ పేర్లూ. వేటకెళ్ళిన పడవలకి ఒక్కొక్కదానికీ విడివిడిగా. నా భుజం పడిపోతోంది. వేలు మొద్దుబారిపోయింది. మధ్యలో తుమ్మొస్తే కూడా బిగబట్టా. చివర్లో, "ఈ చెట్టుని చేసిన మా అల్లుణ్ణి" అని ఓ మాట వినిపించినట్టే ఉంది. చెవిలో హోరు, సరిగా వినబడలా. ఆమేన్ అన్నారు. అప్పుడు గాని నా చెయ్యి కిందికి రాలా. అప్పటికి పడవలు కూడా వచ్చేశాయని ఎవరో కేకేశారు. ఆ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

అందరూ వెళ్తుంటే సంపూర్ణమ్మ గారు అక్కడే నిలబడ్డారు. "చిల్లేనని తెలిసిందిలే నాయనా" అన్నారు. "అయినా ఎవరూ లేనప్పుడు కాసేపు తెరిచి ఉంచు. ఇన్నేళ్ళలో నేను మాట్లాడితే ఊఁ కొట్టినవాళ్ళు లేరు." రూతు మొహం తిప్పేసుకుంది. నేను కుర్చీ మడత పెట్టబోయా, తీరా చూస్తే అది మడత కుర్చీ కాదు.

బందరు వచ్చాక నీటుగా ఓ రబ్బరు బిరడా కోసి బస్సులో పంపించా. నిన్న పొద్దున ఫోన్ మోగింది. మావయ్య! రూతుకి కాదు, నాకే!

"అల్లుడూ, ఆదివారం ప్రార్థనకి వచ్చెయ్యి."

బావా, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అలాగే మావయ్యా! రూతునీ తీసుకొస్తా."

"తనకి వీలైతే రానీ. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి."

"తప్పకుండా మావయ్యా! బిరడా అందిందా?"

"అందింది. పెట్టాం. సంపూర్ణమ్మ గారు పీకేసి కొంగున ముడేసుకుపోయారు. గుడ్డ కుక్కితే అదీ పీకేశారు. పెద్దావిణ్ణి ఏమంటాం? నీ వేలైతే ఆవిడకి మొహమాటం, పీకదు. ఐదింటికల్లా వచ్చి కుర్చీ ఎక్కు."

అదీ సంగతి. అల్లుడి పోస్టు కోసం మూడేళ్ళు తిరిగినా దొరకలా. బిరడా పోస్టు మాత్రం ఒక్క సాయంత్రంలో ఇచ్చేశారు, అదీ పర్మనెంటుగా!