పరుపుల గారి కూతురి పెళ్లి

ఆ రోజుల్లో ఎల్‌బీ నగర్‌కు మెట్రో లేదు, నాకు బుద్ధీ లేదు. మెట్రో తర్వాత వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పరుపుల దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగం, సాయంత్రమైతే మా కాలనీ ఉత్సవ కమిటీలో పెత్తనం, ఇదీ నా జీవితం. కాలనీలో సగం మందిమి నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి ఏటా డోళ్లు కొట్టి మల్లన్న కథ చెప్పే ఒగ్గుకథ పెట్టించేవాళ్లం. కళాకారులను సర్కారే పంపేది. మేం చేసేదల్లా వాళ్లకు టీలు పోయించడం, ఆ తర్వాత అంతా మేమే చేశామని చెప్పుకోవడం. ఆ ఏడు సాంస్కృతిక శాఖ ఆఫీసుకు వెళ్తే నిధులు రాలేదు, మీరే ఎవరినైనా చూసుకోండి అన్నారు. ఆ మాట కథ చెప్పే పెద్దాయనకు, అంటే మా డోలు తాతకు చేరవేశాను. ఇట్లా ఒక్కొక్క ఊరు తప్పిపోతే మావోళ్లు డోళ్లు అటకెక్కిస్తరు బిడ్డా అని ఊరుకున్నాడాయన. నాకు మనసు చివుక్కుమంది.

దాంతో మా ఓనరును పట్టుకున్నాను. గోదావరి వైపు మనిషి, ఇద్దరూ కొడుకులే, మెత్తని మాట. బజారంతా ఆయన్ను పరుపుల గారు అనేది. ఖర్చు భరిస్తానన్నారు కానీ, కొత్త పరుపు ఒకటి స్టేజీ మీద పెట్టాలట, కథ అరగంటలో ముగిస్తే దాని గురించి ఆయన మాట్లాడతారట. సరేనన్నాను. డోలు తాతకూ ఒక షరతు ఉంది. "మల్లన్న పెండ్లి షురూ అయినంక నడుమల ఆపొద్దు బిడ్డా. పీటల మీది పెండ్లి ఆపినట్టే." ఆయనకూ సరేనన్నాను. (రెండు సరేలూ ఒకే స్టేజీ మీద ఎదురుపడతాయని నాకు తోచలేదు. తోచినా, ఆ వేళకు కరెంటు పోకపోతుందా అని ధైర్యం.)

కరెంటు పోలేదు. స్టేజీ మీద పసుపు కుంకుమలతో పట్నం ముగ్గు వేసి, తాత మల్లన్నకూ మేడలమ్మకూ పెళ్లి మొదలుపెట్టాడు. డోలు కొట్టే కుర్రాడొకడు మల్లన్న, చీర కొంగు నెత్తిన కప్పుకుని తాళాలు వాయించే మీసాలాయనే మేడలమ్మ. పక్కన, ప్లాస్టిక్ కవరైనా తీయని పరుపు. అరగంట కాగానే పరుపుల గారు గడియారం చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను ఆకాశం చూశాను. చివరికి ఆయనే స్టేజీ ఎక్కి మైకు వైపు చెయ్యి చాపారు. తాత కథ ఆపలేదు. దరువు మార్పించి, "అగో, పిల్ల తండ్రి ఒచ్చిండు" అని ఆయన నుదుటికి ఇంత పసుపు పూసి, భుజాన కండువా వేసి, పట్నం ముగ్గు పక్కన కూర్చోబెట్టాడు.

"నేను స్పాన్సర్నండీ" అన్నారాయన మెల్లగా, మైకులో.

"పెండ్లి ఖర్చు పెట్టేటోన్నే మా దిక్కు పిల్ల తండ్రి అంటరయ్యా" అన్నాడు తాత.

మైదానమంతా నవ్వింది. మగపెళ్లివారైన డోలు వాళ్లు, పరుపు తెచ్చినవు సరే, మంచమేదని అలిగారు. ఆయనకూ హుషారొచ్చి రేపు పంపిస్తానని మాటిచ్చారు. ఉపన్యాసం ఊసే మర్చిపోయారు. అప్పగింతల దగ్గర డోళ్లు ఆగిపోయాయి. తాత ఒక్కడే గొంతు తగ్గించి పాడుతూ, పిల్ల చెయ్యి మల్లన్న చేతిలో పెట్టమన్నాడు. పరుపుల గారు ఆ మీసాల మేడలమ్మ చెయ్యి పట్టుకుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. నేను గుంపు వెనక చేరి నవ్వాపుకోలేకపోయాను. ఇక నా ఉద్యోగం ఊడినట్టేనని ఆ తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు బిక్కుబిక్కుమంటూ దుకాణానికి వెళ్లాను. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగారు.

"అమ్మాయిని అక్కడ బాగానే చూసుకుంటారంటావా?"

(కథ తరువాయిలో మల్లన్న కేతమ్మను కూడా పెళ్లాడతాడు. మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే.)

"మంచిగనే చూస్కుంటరు సార్" అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఖర్చు ఆయనదే, షరతుల్లేవు. పండగ ఇంకా నెలరోజులుందనగానే మన పెళ్లెప్పుడయ్యా అని వెంటపడేవారు. పరుపులు చుట్ట చుట్టుకుని అట్టపెట్టెల్లో ఇళ్లకొచ్చే కాలం వచ్చాక దుకాణం మూసేసి సొంతూరు వెళ్లిపోయారు. ఆయన లేని లోటు అప్పుడు తెలిసింది. ఇప్పుడు సర్కారు నిధులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. స్పాన్సర్లయితే అరగంట కథ కూడా వద్దు, అర నిమిషం రీలు చాలంటున్నారు. అందుకని ఈ ఏడు కాలనీలో ఇంటింటా తలా కొంత వేసుకున్నాం. ఖర్చు అందరిదైతే పిల్ల తండ్రి ఎవరని, ఇప్పుడు కథ చెప్పే డోలు తాత కొడుకు అడిగాడు. అందరూ కలిసి నన్ను స్టేజీ మీదికి తోశారు. ఏ మాట తర్వాత ఏ మాటొస్తుందో తెలిసిన కథ, నాకేమవుతుందిలే అనుకుని కూర్చున్నాను. అప్పగింతల దగ్గర ఏమైందో నేను చెప్పను. జుట్టు తెల్లబడ్డ పెద్దమనిషి ఒకడు కండువాతో ముక్కు తుడుచుకుంటూ, మీసాల మేడలమ్మ చెయ్యి వదలకుండా, మా పిల్లను మంచిగ చూస్కుంటరా అని మగపెళ్లివారిని అడిగాడని మాత్రం కాలనీ అంతా చెప్పుకుంటోంది. కేతమ్మ సంగతి నాకు తెలియక కాదు.