తేనె ముందు, తేలు వెనక

ఫుస్కస్ నోరు తెరిస్తే చాటువే. రెండే పాదాలు. మొదటి పాదంలో తేనె, రెండో పాదంలో తేలు. రోమ్‌లో మా సుబురా పేటలో ఆ తేలు కుట్టని మనిషి లేడు.

సీలో అనే మంగలిని కదా, నన్నూ వదల్లేదు. ఒకరోజు గడ్డం గీస్తుంటే నలుగురిలో అందుకున్నాడు:

“మా సీలో కత్తికి పదును లేదని ఎవడన్నాడు?
నా చెవినడగండి, సాక్ష్యం చెబుతుంది!”

“కదలకుండా కూర్చుంటే చెవెందుకు తెగుతుందయ్యా?” అన్నాను.

“కదలకుండా చాటువెలా చెప్పనోయ్?”

చాటువుల కోసమే పెద్దలు అతన్ని విందుకు పిలిచేవాళ్ళు. ఆ చాటువులకే, అసలు వంటకం రాకముందే మెడపట్టి గెంటేవాళ్ళు. మనిషి నానాటికీ చిక్కిపోతున్నాడు.

“కాస్త నోరు కట్టేసుకోరాదూ?” అనేవాణ్ణి.

“కట్టేస్తే తినేదెలా?”

ఒకసారి లుర్కో అనే ధనికుడి ఇంట్లో విందు. ఆయన జుట్టు కత్తిరించేది నేనే, అందుకని నన్నూ పిలిచాడు. మా రోమ్ అలవాటు ప్రకారం అందరం పాన్పుల మీద పడుకునే తింటున్నాం. అడవిపందిని మోసుకొచ్చి మధ్యలో పెట్టారు. ఒక పక్కంతా బొగ్గు. అతిథులు ముక్కులు మూసుకున్నారు. లుర్కో మొహం కందగడ్డయింది.

“ఆ దామాగాణ్ణి లాక్కురండి! కొరడా తెండి!”

వంటవాడు దామా వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. కొరడా కూడా వచ్చింది. అతిథులంతా తలలు తిప్పుకున్నారు. ఫుస్కస్ మాత్రం పాన్పు మీంచి లేచి, ద్రాక్షసారా గిన్నె పైకెత్తాడు:

“లుర్కో ఇంట పంది మాడిందని చిన్నబోకండి,
మాడనిది ఇంకోటి పాన్పెక్కి పడుకుంది!”

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వులు. లుర్కో శివాలెత్తాడు. “గెంటండి వీణ్ణి!” అంటూ గుమ్మం దాకా తనే వెంటపడ్డాడు. కొరడా పట్టుకున్నవాడూ గెంటడానికే పరిగెత్తాడు. దామా సందు చూసుకుని వంటింట్లోకి జారుకున్నాడు.

నేను బయటికొచ్చేసరికి ఫుస్కస్ బట్టలకంటిన బురద దులుపుకుంటున్నాడు. అప్పుడు తట్టింది నాకు. మొన్న గాజుగిన్నె పగలగొట్టిన పనిమనిషి, అంతకుముందు ద్రాక్షసారా ఒలకబోసిన ముసలాడు...

“ఏమయ్యా, నిన్ను గెంటిన ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి దెబ్బలు తప్పాయే!”

“నెమ్మదిగా అనవోయ్!” అన్నాడు కంగారుగా. “మంచివాణ్ణని తెలిస్తే విందుకెవడు పిలుస్తాడు?”

మర్నాడు దామా ఆ పందిమాంసమే ఇంత గుడ్డలో చుట్టి తెచ్చి, కళ్ళనీళ్ళతో ఫుస్కస్ ముందు పెట్టాడు. ఫుస్కస్ ఒక ముక్క కొరికాడు, నమిలాడు, నమిలాడు:

“వేటగాడు దయగలవాడు, పందిని ఒకసారే చంపాడు,
దామా చేతిలో పాపం, అది మళ్ళీ చచ్చింది!”

దామా కడుపు పట్టుకుని నవ్వాడు. “ఇంకోసారి చెప్పండి దొరా, వంటింట్లో అందరికీ వినిపించాలి.”